నాలుగు అక్షరాల గుంట

అక్షరానికి ఒక రూక. అప్పటి కూలి అది.
మా పేరయ్య తాతకి ఇంగ్లీషు రాదు.
కాగితం మీద ఎవరో గీసిచ్చిన వంకరల్ని
పల్లావరం నల్లరాయి మీదికి
ముగ్గు దించినట్టు దించేవాడు.
డబ్ల్యూ అంటే ఆయనకి పక్కపక్కన రెండు గంపలు,
ఐ అంటే పాతిన గునపం,
ఈ అంటే మూడు పళ్ళ దువ్వెన,
ఎఫ్ అంటే అదే దువ్వెన, ఒక పన్ను ఊడింది.
ఆ నాలుగూ కలిస్తే ఏమవుతుందో
ఆయన అడగలేదు, ఎవరూ చెప్పలేదు.

పద్దెనిమిది వందల పదకొండు.
గోరీ గురవమ్మది. బందరు అద్దకం వాళ్ళ పిల్ల.
కోటలో పాదిరి ముందు గ్రేస్ అయింది,
అరగంట తర్వాత ట్రెల్‌ఫోర్డ్ దొరకి పెళ్ళాం అయింది.

ఆ దొర
నవాబుకి నూటికి ఇరవై నాలుగు వడ్డీకి అప్పిచ్చి
అసలు వదిలేసి, వడ్డీతో ఓడెక్కాడు.
అక్కడ ఒక ఊరు కొన్నాడు.
ఊరి పేరు తన పేరుకి తోకలా కట్టుకుని
మొదటి బ్యారన్ వెక్స్‌కూమ్ అయ్యాడు.
మళ్ళీ పెళ్ళి చేసుకున్నాడు.
పాత పెళ్ళి సముద్రానికి ఇవతలిది,
అంత ఉప్పునీళ్ళలో ఏ సిరా నిలుస్తుంది?

ఇక్కడ కొడుకు జాన్, కచేరీలో గుమాస్తా,
మూడు నెలల జీతం పెట్టి తల్లికి రాయి వేయించాడు.
వేసిన ఏడాదికే ఏజెంటు వచ్చాడు పల్లకీలో.
చెక్కినందుకు నాలుగు రూకలు,
చెరిపితే నాలుగు వరహాలు.
ఇంట్లో పురిటి బిడ్డ. పేరయ్య చెరిపాడు.
ఆ వరహాలే మాకు చింతాద్రిపేటలో ఇల్లయ్యాయి.
ఆ ఇంట్లోనే పుట్టాను నేను.

మూర్ మార్కెట్ తగలబడక ముందు
మా నాన్న ఎర్ర అట్ట పుస్తకం ఒకటి కొన్నాడు,
లార్డుల వంశాలది, పన్నెండు రూపాయలకి,
అక్షరాల మోస్తరు చూసుకోవడానికి.
అందులో ఉన్నారు వాళ్ళు. డాలు మీద తాటిచెట్టు.
రెండో బ్యారన్ గుర్రాల మీద తోట పోగొట్టుకున్నాడు.
మూడోవాడు వంతెన కట్టించాడు, అది కూలింది.
నాలుగోవాడు రైతుల దగ్గర సీతాకోకచిలుకలు కొనేవాడట,
అంతకు మించి ఏమీ రాయలేదు.
ఐదోవాడికి ఇరవై ఏళ్ళు, ఫ్రాన్సు బురద.
ఆఖరి మాట: అంతరించింది.

మొన్న ఆనిలో కొట్టుకి ఒకాయన వచ్చాడు,
క్లెమెంట్ ట్రెల్‌ఫోర్డ్, డెబ్భై రెండు.
పెరంబూరు క్యారేజి వర్క్స్‌లో ఫిట్టరు, రిటైరు.
చేతిలో లండన్ ప్లీడరు ఉత్తరం,
ఇంకో చేతిలో మనవడు, ముక్కు కారుతూ.
రిజిస్టరులో ఆ పేజీ చెదలు తినేశాయి.
ఇక మిగిలింది రాయి.

పల్లవన్ సాలై పక్కన గోరీల తోట.
బస్సులు డిపోలోకి వెనక్కి వెళ్తూ కేకలు.
నిన్నటి వాన ఆ గుంటలో నిలిచి ఉంది,
నాలుగు అక్షరాల పొడుగు, వేలెడు లోతు.
కాకి వచ్చి తాగి పోయింది.
తుడిచి, టార్చి అడ్డంగా పడేలా పట్టాను.
ఉలి తగిలిన రాయి లోపల కూడా నలుగుతుంది,
పైన ఎంత తీసినా కింద తెల్లగా కములుతుంది.
గంపలు కనిపించాయి. గునపం.
పన్ను ఊడిన దువ్వెన సగం.
నాలుగోది కనిపించిందని ఒట్టు వేయలేను.

ఫొటోలు పంపాం. జవాబు వచ్చింది,
నీడని సాక్ష్యంగా తీసుకోరట.

"పోనీ, మళ్ళీ చెక్కు," అన్నాడు క్లెమెంట్.
"ఇప్పుడు చెక్కితే చెల్లదు సార్."
"వాళ్ళకెందుకయ్యా? ఆవిడకి."
కాసేపాగి, "తెలుగులో చెక్కు. ఆవిడకి ఇంగ్లీషు వచ్చో రాదో."
తెలుగులో రెండే అక్షరాలు, కూలి సగం, అన్నాను.
రైల్వే మనిషి, వెంటనే లెక్కేసి నవ్వాడు.

మిషను ఇంట్లో వదిలి పేరయ్య ఉలి తెచ్చాను.
భా లోతుగానే దిగింది.
ర్య దగ్గర చెయ్యి జారింది, క్రావడి కొంచెం వంకర.
సరిచేయనా అన్నాను.
వద్దన్నాడు. వారసుడు అప్పటికే
రాతి మీదెక్కి కూర్చుని
గుంటలో మిగిలిన నీళ్ళలో
వేలు ముంచి ఆడుతున్నాడు.

కూలి తీసుకోలేదు నేను.
ఆ నాలుగు వరహాల్లో
ఎంత తీరిందో లెక్క తెలియదు.